నీడ కదలని ఉపన్యాసం

ఏటిగడ్డ సంస్థానాన్ని ఏలే మల్లభూపతికి, తన ప్రజలు కాలాన్ని వృథా చేస్తున్నారని ఒకరోజు అనుమానం వచ్చింది. వచ్చేసరికి ఆయన ఇంకా పక్క మీదే ఉన్నాడు. బయట మిట్టమధ్యాహ్నం.

"కాలం విలువ మీద ఊరందరికీ ఉపన్యాసం చెప్పించాలి. మధ్యలో లేచినవాడికి కొరడా దెబ్బలు," అన్నాడు కొలువులో.

చెప్పే భాగ్యం ఆస్థాన పండితుడు వాచస్పతి శాస్త్రికి దక్కింది. శాస్త్రి ఉపన్యాసం మొదలుపెట్టడం అందరూ చూశారు. ముగించడం చూసినవాళ్లు లేరు. అప్పటికి అందరూ నిద్రలో ఉంటారు.

వేదిక మీద పెట్టడానికి కాలాన్ని కొలిచే సాధనం ఒకటి చూడమని రాజు తన సలహాదారు అబ్బనకు చెప్పాడు. ఆ సాధనం పెట్టిన గడువు దాటి మాట్లాడకూడదని షరతు కూడా పెట్టాడు. తనూ వినాలి కదా.

అబ్బన మూడు సాధనాలు తెప్పించి శాస్త్రి ముందు పెట్టాడు. మొదటిది గడియ గిన్నె. అడుగున సన్నని చిల్లి ఉంటుంది, నీళ్లలో వదిలితే మెల్లగా నిండి మునుగుతుంది.

"ఇది మునిగేలోపు నా దైవప్రార్థనైనా పూర్తికాదు," అన్నాడు శాస్త్రి.

"పోనీ, ఇసుక గడియారం?"

"జనం నా మొహం మానేసి ఇసుకను చూస్తారు."

"చూస్తారు మరి. ఇసుకైనా ముందుకు కదులుతుంది కదా," అన్నాడు అబ్బన.

శాస్త్రి వినిపించుకోలేదు. ఆయన కళ్లు మూడోదాని మీద పడ్డాయి. అది నీడ గడియారం. రాతి పలక, మధ్యలో ఇత్తడి పుల్ల, చుట్టూ గీతలు.

"ఇదే కావాలి. పుల్ల నీడ ఈ గీతను తాకగానే ముగిస్తాను. కాకపోతే ఇది పందిట్లో, నా పక్కనే ఉండాలి."

అబ్బన పలకను చూశాడు. శాస్త్రిని చూశాడు.

"అలాగే శాస్త్రిగారూ. ఎంపిక పూర్తిగా మీదేనని రాజుగారికి మనవి చేస్తాను."

ఉపన్యాసం నాటికి దట్టంగా తాటాకు పందిరి వేశారు. శాస్త్రి పొద్దున్నే అందుకున్నాడు. సృష్టికి ముందు కాలం ఎలా ఉండేదో చెప్పడానికే సగం పూట పట్టింది. జనం తూగారు. రాజుగారి కడుపులో ఆకలి కరకరలాడింది.

"శాస్త్రిగారూ, నీడ గీతను తాకిందా?" అని అడిగాడు.

"ఇంకా లేదు ప్రభూ. మీ ఆజ్ఞ మీరగలనా?" అన్నాడు శాస్త్రి వినయంగా. పందిట్లో ఎండే లేదు, ఇక నీడెక్కడిది?

అబ్బన వెనక కూర్చున్న పోలమ్మ అనే రైతు ముందుకు వంగింది.

"అయ్యా, తెల్లారే పీకిన నారు గట్టు మీద ఎండిపోతోంది. ఇంకాసేపైతే నాటడానికి పనికిరాదు. లేస్తే కొరడా అంటున్నారు."

అబ్బనకు అప్పటిదాకా ఉన్న సరదా పోయింది. లేచి, కండువా దులుపుకుని, బయటికి నడిచాడు. భటులు కొరడా తీశారు. రాజు మొహం ఎర్రబడింది.

"అబ్బనా, ఉపన్యాసం మధ్యలో లేచిపోతావా?"

"మధ్యలోనా ప్రభూ? గడియారం చూడండి. నీడ వెంట్రుకవాసి కూడా కదల్లేదు. శాస్త్రిగారు ఇంకా మొదలుపెట్టలేదు."

శాస్త్రి గడియారం వైపు, రాజు వైపు మార్చి మార్చి చూశాడు. కాలం గడిచిందంటే గడువూ దాటినట్టే. గడవలేదంటే తను మాట్లాడనే లేదు.

రాజు పెదవులు బిగించి, "మరి ఎప్పుడు మొదలుపెడతారంటావు?" అని అడిగాడు.

"పందిట్లోకి ఎండ వచ్చాక ప్రభూ. అప్పుడు కబురు పెట్టండి, అందరం వస్తాం."

రాజు నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆయన నవ్వాక జనానికి అడ్డేముంది? పందిరి తాటాకులు అదిరాయి. పోలమ్మ అప్పటికే పొలం దారి పట్టింది.

శాస్త్రికని తెచ్చిన జరీ శాలువాను రాజు అబ్బన భుజాల మీద కప్పి, వంటవాళ్లను కేకేశాడు.