పానకాలరావు అలక

మా ఆశ్రమం గురువుగారు అనంతయ్యగారికి ఒక అలవాటుండేది. ఎవరైనా గట్టి ప్రశ్న వేస్తే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. చేతిలో ఉన్న పని పూర్తయ్యేదాకా అడిగినవాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకునేవారు. సగం ప్రశ్నలు ఆ కూర్చోవడంలోనే చల్లారిపోయేవి. వీరభద్రయ్యది మాత్రం చల్లారే రకం కాదు.

వీరభద్రయ్య పెద్ద ఉద్యోగం చేసి, విరమించుకున్నాక మా ఆశ్రమానికి వచ్చిన మనిషి. పొద్దున ధ్యానంలో ఎంత ప్రశాంతంగా కూర్చునేవాడో, మధ్యాహ్నం పంక్తిలో అంత చిటపటలాడేవాడు. మజ్జిగ పలచగా ఉందనీ, తన విస్తరి దగ్గరకొచ్చేసరికి పప్పు అడుగంటిందనీ, వంట చేసే కోటమ్మతో రోజూ తగువే. తిట్టాక బాధపడేవాడు, పాపం. బాధపడి, మర్నాడు మళ్ళీ తిట్టేవాడు. ఆ రోజు ఏమన్నాడో ఏమో, కోటమ్మ కళ్ళొత్తుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది. కాసేపటికి వీరభద్రయ్య సంచీ సర్దుకుని వచ్చి గురువుగారి ముందు నిలబడ్డాడు. ఆయన గోంగూర కట్టలు ముందేసుకుని ఆకు తుంచుతున్నారు.

“నాకు సెలవిప్పించండి గురువుగారూ. లేవడం, వాకిలి ఊడ్వడం, జపం, మళ్ళీ అదే తగువు. నిన్నటి రోజే ఇవాళ, ఇవాళ్టి రోజే రేపు. ఇన్నాళ్ళున్నా నేను వెంట్రుకవాసి కూడా మారలేదు. మారతానన్న ఆశైనా మిగలకపోతే ఇక్కడుండి ఎందుకు? సాయంత్రం బస్సుకి పోతాను.”

చెబుతూనే వీరభద్రయ్య సంచీని గుండెలకి హత్తుకున్నాడు. ఏదో ఎగతాళి చేద్దామని నోరు తెరిచిన నేను మళ్ళీ మూసుకున్నాను. గురువుగారు ఆఖరి కట్ట పూర్తిచేసి, కాడలు పక్కకు తోసి, అప్పుడు మొదలుపెట్టారు.

“మా మేనత్తగారి ఊళ్ళో పానకాలరావని ఒకాయన ఉండేవాడు. మంచివాడే. కానీ పెళ్ళికెళ్ళి అలగకుండా తిరిగొచ్చిన పాపాన పోలేదు. కుర్చీ వెయ్యలేదనో, తాంబూలం ఆలస్యంగా ఇచ్చారనో, ఏదో ఒకటి. చెరువు మీద అలిగినవాడి సామెత మీకు తెలిసిందే, ఆశ్రమంలో కూర్చుని నేను చెప్పకూడదు.

అలాంటివాడి చెల్లెలు తాయారు కూతురికి పెళ్ళి కుదిరింది. పిల్ల పేరు రత్నం. చిన్నప్పుడు మేనమామ భుజం దిగేది కాదు. పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి మోసుకెళ్ళాల్సినవాడు మేనమామే కదా. రత్నానికి ఉన్నది ఈయనొక్కడే. పైగా తాయారు భర్త కాలు విరిగి పిండికట్టుతో కుర్చీలో ఉన్నాడు.

పెళ్ళినాడు పొద్దున ఉప్మా, కాఫీలకి అందర్నీ పిలుస్తున్నారు. మగపెళ్ళివారిని పిలిచారు, ఊరివాళ్ళని పిలిచారు, ఆఖరికి సన్నాయివాళ్ళని కూడా పేరుపేరునా పిలిచారు. అరుగు మీదున్న పానకాలరావుని మాత్రం ఎవరూ పిలవలేదు. చూసి చూసి, కండువా దులుపుకుని, ‘పిలవని పేరంటానికి నేనెందుకు?’ అని బస్సెక్కేశాడు. ఇంటికిపోయి తలుపేసుకుని పడుకున్నాడు.

మెలకువ వచ్చేసరికి చెల్లెలి ఇంట్లోనే ఉన్నాడు. బయట సన్నాయి శ్రుతి చేసుకుంటోంది. ‘ఒరేయ్, పందిరి తాడు బిగించి కట్టండ్రా’ అని నిన్నటి గొంతే అరుస్తోంది. మళ్ళీ అదే పెళ్ళి, అదే పొద్దు. ఆ సంగతి ఈయనకి తప్ప ఎవరికీ తెలీదు.

ముందు హడలిపోయాడు. తర్వాత, ఓహో, ఇదీ బాగానే ఉందనుకున్నాడు. జరగబోయేదంతా తెలుసు కదా! పందిరి తాడు తెగి వియ్యంకుడి నెత్తిన ఎప్పుడు పడుతుందో తెలుసు గనక, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని మరీ నవ్వేవాడు. ఒకనాడు అలిగి మండపం పక్కన పెద్ద కుర్చీ వేయించుకున్నాడు. ఇంకోనాడు తన పేరు మైకులో చెప్పించుకున్నాడు. మగపెళ్ళివారి చేత బతిమాలించుకున్నాడు. ఏం లాభం? తెల్లారేసరికి ఎక్కడి గొంగళి అక్కడే. కుర్చీ ఉండదు, మైకు ఉండదు, పిలిచే దిక్కూ ఉండదు.

కొన్నాళ్ళకి మర్యాద మీద కూడా విసుగు పుట్టింది. తను లేకపోతే ఎంత అల్లాడిపోతారో చూద్దామని ఒకసారి పందిరి వెనక దాక్కున్నాడు. ఎవరో దూరపు బాబాయి బుట్ట పట్టుకున్నాడు. ఏడుపూ లేదు, గోలా లేదు. బుట్టలో రత్నం మాత్రం మెడ తిప్పి తిప్పి అటూ ఇటూ చూస్తూనే ఉంది. ఎవరి కోసమో పానకాలరావుకి ఒకరు చెప్పాలా? తల నేలకేసి కొట్టుకోవాలనిపించిందట ఆయనకి.

మర్నాడు, అంటే ఆ పొద్దునే, అరుగు మీద కూర్చోకుండా తిన్నగా వంటపాకలోకి వెళ్ళాడు. తాయారు స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. కన్యాదానం అయ్యేదాకా ఉపవాసం, సరే, కాఫీ చుక్క కూడా తాగలేదు. ‘ఏమ్మా, అందర్నీ పిలిచారు, నన్నొక్కణ్ణీ పిలవలేదేం?’ అనడిగాడు. ఆవిడ తెల్లబోయింది.

‘అదేమిటన్నయ్యా! మీ బావ కదల్లేరు కదా. నువ్వు పిలిచేవాడివనుకున్నాను గానీ, పిలిపించుకునేవాడివనుకోలేదు’ అంది.

పానకాలరావు కండువా నడుముకి బిగించాడు. చెల్లెలికి కాఫీ కలిపి చేతికిచ్చాడు. పందిట్లో తిరిగి అందర్నీ ఉప్మా, కాఫీలకి తనే పిలిచాడు. తాడు తెగకముందే వెళ్ళి ముడి బిగించాడు. రత్నాన్ని బుట్టలో మోసుకెళ్ళాడు. ఇంక తెల్లారుతుందిలే అని హాయిగా పడుకున్నాడు.”

“తెల్లారిందా?” అన్నాను నేను.

“తెల్లారితే కథేముంది? మళ్ళీ అదే సన్నాయి. అప్పుడు ఏడ్చాడయ్యా పానకాలరావు. ఇంత చేశాను, ఇంత మంచివాణ్ణయ్యాను, దేవుడికైనా కళ్ళు లేవా అని. నిజం చెప్పాలంటే అదీ అలకే. ఈసారి పెళ్ళివారి మీద కాదు, అంతే తేడా. దుప్పటి ముసుగేసుకుని పడుకోబోయాడు. పడుకోబోతుంటే తట్టింది, వంటపాకలో తాయారు మళ్ళీ అలాగే నిలబడి ఉంటుందని. ఆవిడకి నిన్న అనేది లేదు కదా. నిన్నటి కాఫీ ఇవాళ్టి తాయారు గొంతు దిగదు కదా. గొణుక్కుంటూనే లేచాడు. లేచి వెళ్ళి కాఫీ కలిపాడు.

అలా ఎన్ని పొద్దులో! కొన్నాళ్ళు గొణుక్కుంటూ, కొన్నాళ్ళు గొణుక్కోవడం మరిచిపోయి. ఒకనాడు విసుగొచ్చి మళ్ళీ అలిగాడు కూడాను. మర్నాడు సిగ్గుపడి ఇంకాస్త పెందలాడే లేచాడు. బుట్టెత్తగానే రత్నం ‘మామయ్యా, పడేస్తావేమో!’ అని రోజూ అదే మాట అనేది. అది మాత్రం ఆయనకి ఎన్నిసార్లు విన్నా పాతబడలేదట.

ఒకరోజు మెలకువ వచ్చేసరికి సన్నాయి లేదు. పందిరి విప్పుతున్నారు. రత్నం అత్తారింటికి వెళ్ళిపోయింది. పానకాలరావు అరుగు మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడట, ఇంకొక్క పొద్దుంటే బాగుండునని.”

గురువుగారు ఆపారు. వీరభద్రయ్య సంచీ ఎప్పుడు కింద పెట్టాడో నేను చూడలేదు. కళ్ళు తుడుచుకుని, “ఇంతకీ ఆయన ఏ రోజున మారాడండీ?” అనడిగాడు.

“నేనూ అదే అడిగాను. తెలీదన్నాడు. కాఫీ చల్లారిపోతుందన్న కంగారులో చూసుకోలేదట.”

వంటింట్లో గిన్నెలు తోముతున్న చప్పుడు వినిపిస్తోంది. గురువుగారు గోంగూర చేటను వీరభద్రయ్య వైపు జరిపారు.

“ఇది లోపల ఇచ్చిరా. కోటమ్మ అన్నం తిన్నదో లేదో కనుక్కో. బస్సంటావా, రేపూ ఇదే వేళకి వస్తుంది.”