యథాప్రకారం చీటీ

నిజం దాచడం నాకు చేతకాదు. అందుకే చెబుతున్నాను: ‘యథాప్రకారం’ అన్న మాటను నా అంత అందంగా రాసేవాడు కొండవాగు సంస్థానంలో లేడు. ‘య’కు తిప్పిన వంపు చూసి నేనే ఒక్కోసారి కలం ఆపి మురిసిపోయేవాణ్ని, రోగి ఎదురుగా నిలబడి ఉన్నా సరే. ఇది గొప్పలు చెప్పుకోవడం కాదు, కళను గౌరవించడం.

నా పేరు పుండరీకం. రాజావారి వైద్యశాలలో మనోవ్యాధుల వరసకు చీటీలు రాసే లేఖకుణ్ని. ప్రతి గురువారం వందమంది వచ్చి, మందు పుచ్చుకుని, ఇళ్లకు పోతారు. వైద్యులు త్ర్యంబకశాస్త్రిగారు కళ్లు మూసుకుని కూర్చుంటారు. నేను పాత చీటీ చదువుతాను. ఆయన “యథాప్రకారం. ఇంకొకటి కలుపు” అంటారు. కలిపేస్తాను. తీసేయడం మా ఇద్దరికీ అలవాటు లేదు.

దసరాకు రెండు నెలల ముందు గోపాలదేవు మహారాజుకు ఒక సరదా పుట్టింది. ఒక్క పూటలో వందమందికి వైద్యం ఎలా సాగుతుందో సభలో కళ్లారా చూడాలన్నారు. రోగిని చూడనక్కర్లేదు, చీటీ వింటే చాలని శాస్త్రిగారు చెప్పుకున్నారట. అదే నిజమైతే ఆయనకు స్వర్ణకంకణం, ఊరూరి వైద్యశాలలో ఇకమీదట ఇదే పద్ధతి.

ఆ సభకు ముందురోజు డోలు గురప్ప నా దగ్గరికి వచ్చాడు. ఆస్థాన మేళంలో ఇరవై ఏళ్లుగా వాయిస్తున్న మనిషి. కిందటేడు తమ్ముడు పోయిన దిగులుతో నిద్రపట్టక మా వరసలో నిలబడ్డాడు. నిద్రకు గుళిక ఇచ్చాం. పగలు కూడా తూగుతున్నానంటే లేహ్యం కలిపాం. లేహ్యానికి గుండె దడ పుడితే కషాయం కలిపాం. ఏడాది తిరిగేసరికి మందులు ఏడయ్యాయి. ఇప్పుడు తాళం తప్పుతున్నాడు, చేతిలోంచి పుల్ల జారిపోతోంది. దసరా ఊరేగింపులో కూడా ఇలాగే జరిగితే మేళంలోంచి తీసేస్తామని పెద్దలు చెప్పేశారు.

“పుండరీకం బాబూ, ఈ ఏడింటిలో నా దిగులుకి ఇచ్చింది ఏది?” అని అడిగాడు.

చీటీ విప్పాను. పన్నెండు యథాప్రకారాలు కనిపించాయి, ఒకదాన్ని మించి ఒకటి అందంగా. దిగులు అన్న మాట మాత్రం ఎక్కడా లేదు. రాయవలసినవాణ్ని నేనే.

చీటీ మడిచి మొలలో దోపుకుని రాజావారి వంటశాలకు పోయాను. మనసు బాగోకపోతే నేను అటే పోతాను. బాగున్నా అటే పోతాననుకోండి. వంటల సూరన్న తన పాళ్లు ఎవరూ కాజేయకుండా దినుసుల పేర్లు నాచేత సంస్కృతంలో రాయించుకుంటాడు. కూలి నాలుగు గారెలు. నా సంస్కృత పాండిత్యమంతా ఆ గారెల చలవే. మూడో గారె సగంలో ఉండగా ఒక ఆలోచన తట్టింది. నాలుగోది కూడా తినేశాకే లేచాను, తొందరపడితే ఆలోచన చెడుతుందని.

మర్నాడు నిండు సభలో శాస్త్రిగారు కళ్లు మూసుకుని కూర్చున్నారు. రోగి పేరూ బాధా ముందుగా చెప్పమంటారా అని వినయంగా అడిగాను. అక్కర్లేదు, చదవమన్నారు.

చదివాను.

“ఆఢకి, తింత్రిణి, ధాన్యకం, మరీచం, జీరకం, చిటికెడు హింగు. ఉదకంలో మరిగించి వేడిగా సేవించాలి. రోగి ఏళ్ల తరబడి రోజూ వాడుతున్నాడు.”

శాస్త్రిగారు తల పంకించారు. “మంచి యోగం. యథాప్రకారం. ఇంకొకటి కలుపు, సైంధవ లవణం.”

రాజుగారు కంకణం తెమ్మని సైగ చేశారు. అది వచ్చేలోపు ఊరికే అడిగారు. “ఇంతకీ ఆ రోగికి బాధేమిటయ్యా?”

“ఆకలి, ప్రభూ. రోగి తమరే. ఇది మన సూరన్న కాచే కందిపప్పు, చింతపండు చారు.”

రాజుగారు చీటీ తీసుకుని ఒకటికి రెండుసార్లు చదివారు.

“శాస్త్రిగారూ, నిన్న ఉప్పు తగ్గిన మాట నిజమే” అన్నారు.

ఇక నవ్వులు ఆగలేదు. శాస్త్రిగారి చెవులు ఎర్రబడ్డాయి గానీ, చివరికి ఆయన కూడా నవ్వారు. నేను గురప్ప చీటీ తీసి ముందు పెట్టాను. ఇది కూడా కళ్లు మూసుకునే వింటారా అని అడిగారు రాజుగారు.

శాస్త్రిగారు కళ్లు తెరిచారు. సభలో మేళంతో ఉన్న గురప్పను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు. “మీ తమ్ముడు ఏం వాయించేవాడు?” అని అడిగారు.

“సన్నాయి, అయ్యగారూ” అన్నాడు గురప్ప. ఏడాదిలో మేము అతన్ని అడిగిన మొదటి ప్రశ్న అది.

ఏడింటిలో అయిదు, మిగతా మందులు తెచ్చిన బాధలకు ఇచ్చినవేనని తేలింది. అన్నీ ఒక్కసారిగా మానకూడదని, చూసుకుంటూ ఒక్కొక్కటే తగ్గించాలని శాస్త్రిగారే చెప్పారు. ఎన్నాళ్లు పట్టినా మేళంలో గురప్ప చోటు గురప్పదేనన్నారు రాజుగారు. ఇకనుంచి ప్రతి మందు పక్కనా అది ఎందుకో రాయాలని ఆజ్ఞ అయింది. కంకణం పెట్టెలోకి వెళ్లిపోయింది. నాకు వెండి సిరాబుడ్డి దక్కింది.

అందులో కలం ముంచి మొదట రాసింది గురప్ప చీటీయే. ‘దిగులు’ అని రాసి, ‘ది’ గుడి బాగా కుదిరిందని కాసేపు చూస్తూ ఉండిపోయాను. తలెత్తేసరికి గురప్ప వెళ్లిపోయాడు. ముందు మనిషి మొహం చూసి తరవాత రాయడం నాకింకా రాలేదు.