ఇంజనుకు కుట్టిన నవారు పట్టీ

అనగనగా ఒక ఊళ్ళో, రైలు స్టేషను వెనక వీధిలో, నాగూరు తాత అని ఒక జట్కా తాత ఉండేవాడు. అంటే గుర్రబ్బండి తోలే తాత అన్నమాట. ఆటోలు వచ్చాక బండెక్కేవాళ్ళు తగ్గిపోయారు. ఆ తర్వాత గుర్రం కూడా ముసలిదై కన్నుమూసింది. ఇంట్లో మిగిలింది తాత, ఆయన కూతురు దస్తగిరమ్మ, ఒక కుక్క.

కుక్క పేరు ఇంజను. ఆ పేరు వీధివాళ్ళు పెట్టారు. ఎందుకంటే పొద్దున్నే అది ముందు లాగుతుంటే, తాడు పట్టుకున్న తాత వెనకాల రైలుపెట్టెలాగా ఊగుతూ పోయేవాడు. ఈ బండి ఏ ఊరికి పోతుంది తాతా అని అడిగి నవ్వేవాళ్ళు.

ఒకసారి లాగితే తాత చెప్పు తెగింది. ఇంకోసారి లాగితే మోకాలు చెక్కుకుపోయింది. మూడోసారి మాంసం కొట్టు ముందు లాగింది చూడూ, తాత బోర్లా పడి కుడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు.

అప్పుడు దస్తగిరమ్మకు కోపమొచ్చింది. కోపం కాదులే బంగారం, భయం. పెద్దవాళ్ళకు భయమేస్తే అట్లాగే అరుస్తారు. బియ్యం మిల్లు వాళ్ళు కాపలాకు కుక్కను అడుగుతున్నారు, నీ కట్టు విప్పాక నెల రోజులు చూస్తాను, అప్పటికి దీనికి నడక రాకపోతే మిల్లుకు ఇచ్చేస్తాను అని చెప్పేసింది.

మిల్లులో కుక్కను గొలుసుతో కట్టేస్తారు. పగలూ గొలుసే, రాత్రీ గొలుసే. గొలుసు ఎంత దూరం పోనిస్తే దాని లోకం అంత. ఎవరో బస్తాలు దాచుకోవడానికి ఇంకో ప్రాణి బతుకంతా కట్టుబడి ఉండాలా? తాత ఆ పూట అన్నం ముట్టలేదు.

కట్టు విప్పారు. తాత ముందు తాడును పొట్టిగా చేసి మెడకు బిగించి కట్టాడు. ఇంజను లాగడం మానలేదు. దగ్గుతూనే, కళ్ళు పెద్దవి చేసుకుని లాగింది. తాతకు చూడబుద్ధి కాలేదు. విప్పేశాడు.

ఆ తర్వాత సంతలో ఒకడు ఇనప ముళ్ళ పట్టీ అమ్మాడు. లాగితే ముళ్ళు గుచ్చుకుంటాయి, దెబ్బకు బుద్ధొస్తుంది అన్నాడు. తాత దాన్ని ముందు తన మోచేతికి చుట్టుకుని లాగి చూసుకున్నాడు. చూసుకుని చెత్తకుండీలో పారేశాడు. నొప్పి పెట్టి నేర్పేదాన్ని చదువు అనరు బంగారం, దౌర్జన్యం అంటారు. ఎవరు ఎవరికి చేసినా దాని పేరు అదే.

మూడోది తాతకు తనకే తోచింది. పాత గుర్రం రొమ్ముకు కట్టే తోలుపట్టీ ఇంకా చూరుకు వేలాడుతూనే ఉంది, దాన్ని దించాడు. కోసి చిన్నది చేశాడు. మెత్తటి గుడ్డ చుట్టాడు. వీపు మీద ఇత్తడి రింగు వేసి, దానికి తాడు కట్టాడు. ఊళ్ళో ఇంత బాగా పట్టీ కట్టేవాడు ఇంకెవడున్నాడు అనుకుని మీసం దువ్వుకున్నాడు.

ఇంజనుకు ఆ పట్టీ ఎంత నచ్చిందో చెప్పలేను. మెడ నొప్పి లేదు. బరువంతా రొమ్ము మీదికొచ్చింది. నాలుగు కాళ్ళూ నేలకు తన్నిపెట్టి ఒక్క లాగు లాగింది. తాత వీధి చివర కరెంటు స్తంభాన్ని కావిలించుకోబట్టి సరిపోయింది కానీ, లేకపోతే రైలు గేటు దాకా పోయేవాడే.

ఆ స్తంభం పక్కనే రాహేలమ్మ సంచులు కుట్టే కొట్టు ఉంది. తాత గడప మీద కూలబడి కథంతా చెప్పాడు. గుర్రాన్నే అదుపు చేసినవాణ్ణి, కుక్కను చేయలేకపోతున్నాను, నెలలో పది రోజులు అయిపోయాయి అని కళ్ళు తుడుచుకున్నాడు.

రాహేలమ్మ మిషను తొక్కడం ఆపింది.

"గుర్రానికి ఈ పట్టీ దేనికి కట్టేవాడివి బాబాయ్?"

"బండి లాగడానికి."

తాత ఇంజను రొమ్ము మీది పట్టీని చూశాడు, వీపు మీది రింగును చూశాడు.

"అయితే దాన్ని లాగమన్నది నేనేనమ్మా," అన్నాడు.

అప్పుడు రాహేలమ్మ టేపు తీసింది. మెడ చుట్టూ కొలిచింది, పొట్ట చుట్టూ కొలిచింది. మంచాలకు అల్లే నూలు నవారు తెచ్చి పట్టీ కుట్టింది. చంకల్లో ఒరుసుకోకుండా, పట్టీకి ఒంటికి మధ్య రెండు వేళ్ళు దూరేట్టు కుట్టింది. రింగును మాత్రం వీపు మీద వేయలేదు, రొమ్ము మీద ముందు వైపు వేసింది. ఇప్పుడు ఇంజను లాగిందనుకో, ముందుకు పోలేదు. పక్కకు తిరిగి తాత మొహమే చూడాల్సి వస్తుంది.

"ఇది సగం పనే బాబాయ్. మిగతా సగం నువ్వు. తాడు బిగిస్తే లాగొద్దు, తిట్టొద్దు, ఆగిపో. వదులైతే నడువు."

చెప్పినంత తేలికా? తాడు బిగిస్తే చాలు, తాత చెయ్యి దానంతటదే కళ్ళెం లాగినట్టు వెనక్కి లాగేది. నలభై ఏళ్ళ అలవాటు మరి. తాత లాగితే ఇంజను ఇంకా లాగేది. అప్పుడు తాత తాడున్న చేతిని నడుముకు ఆనించి, అక్కణ్ణుంచి కదలనివ్వకూడదని పట్టు పట్టాడు. కుక్కకు పాఠం ఒకటైతే తాతకు రెండు.

మొదటిరోజు గుమ్మం నుంచి కుళాయి దాకా పోవడానికి ఎండెక్కింది. బిగిస్తే ఆగడం, వదులైతే నడవడం, పక్కనే నడిస్తే ఉడికిన గుడ్డు ముక్క పెట్టడం. సిగ్నలు పడలేదా తాతా అని వీధివాళ్ళు అడిగారు. పట్టాలు మారుస్తున్నాం అన్నాడు తాత. వారం తర్వాత కిరాణా కొట్టు దాకా పోయారు. ఆ తర్వాత స్టేషను దాకా పోయారు. మాంసం కొట్టు వైపు మాత్రం పోలేదు.

నెల నిండిన రోజు దస్తగిరమ్మ అటే పోదామంది. తాత తాడున్న చేతిని నడుముకు ఇంకా గట్టిగా ఆనించుకున్నాడు. కూతురు పది అడుగుల వెనక నడిచింది.

కొట్టు ముందు ఎవరో ఎముక విసిరారు. ఇంజను ముందుకు దూకింది. తాడు బిగిసింది. తాత ఆగాడు. చెయ్యి నడుము మీదే ఉంది. ఇంజను పక్కకు తిరిగింది, ఎముకను చూసింది, తాతను చూసింది, మళ్ళీ ఎముకను చూసింది. ఆ తర్వాత ఒక్క అడుగు వెనక్కి వేసి తాత మోకాలి పక్కన నిలబడింది. తాడు వదులైంది. ఇద్దరూ కొట్టు దాటిపోయారు.

దస్తగిరమ్మ అక్కడే అరుగు మీద కూర్చుని ఊపిరి వదిలింది. నెల రోజులుగా పట్టుకున్న ఊపిరి అది. కాసేపు ఏడ్చింది, కాసేపు నవ్వింది. ఆ తర్వాత లేచి, కాసేపు నేను పట్టుకుంటానని తాడు తీసుకుంది.

సాయంత్రం మిల్లు మనిషి గొలుసు పట్టుకుని వచ్చాడు. దస్తగిరమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి, మా ఇంట్లో ఇచ్చే కుక్క లేదంది. సరిగ్గా అప్పుడే లోపల ఇంజను భౌభౌమంది. మరి అదెవరమ్మా అన్నాడు ఆయన.

"మా తమ్ముడు. గొంతు కొంచెం పెద్దది. వెళ్ళిరా అన్నా," అని తలుపేసింది.

బిగిస్తే ఆగుదాం,
వదిలితే సాగుదాం,
కథను కంచికి సాగనంపుదాం,
ఇంట్లో మనం బజ్జుందాం.