గంటల సింగన గెలిపించిన ఆట

"సింగనా! ఒరేయ్ సింగనా! ఇప్పుడు ఎత్తు నాదా, రాణిదా?"

వేణుగిరి రాజు కేతన భూపతి చదరంగం బల్ల ముందు నిలబడి తల గోక్కుంటున్నాడు. ఏనుగులశాల గంట మోగితే పరుగెత్తి వెళ్ళి, ఇప్పుడే తిరిగొచ్చాడు. వెళ్ళేముందు ఏ ఎత్తు వేయాలనుకున్నాడో అది కాస్తా ఎగిరిపోయింది.

గంటలు చూసుకునే సింగన ఏం చెప్తాడు? గొడుగు పట్టుకుని అతనూ వెనకే పరుగెత్తాడు మరి.

"నాదే," అంది రాణి కుందమాంబ నింపాదిగా. "నిన్నా నాదే. మొన్నా నాదే."

ఆ కొలువులో ఐదు గంటలు వేలాడుతుంటాయి. వాటి తాళ్ళు ఐదు చోట్లకు పోతాయి. కోటవాకిలి, ఏనుగులశాల, వంటిల్లు, పూలతోట, బురుజు. ఎవరికి ఏ అవసరమొచ్చినా తాడు లాగొచ్చు. లాగితే చేతిలో పని వదిలేసి తానే వచ్చి చూస్తానని రాజు మాటిచ్చాడు. అందుకే ఉగాదినాడు మొదలుపెట్టిన ఆట శ్రావణమొచ్చినా తెమల్లేదు.

మంత్రి వామనయ్య బొజ్జ సవరించుకున్నాడు. తన తెలివి మీద ఆయనకు చాలా మోజు.

"ప్రభూ, గంటల నాలుకలకు గుడ్డలు చుట్టించండి. ఐదు చోట్లకూ నేనే తిరిగి 'ఏమైనా ఉందా' అని అడిగొస్తాను. మోగని గంటలకు ఈ కాపలావాడెందుకు? పొలిమేర కోటకు పంపేయండి."

సింగన పూలతోట గంట తాడు వైపు చూశాడు. పొలిమేర కోటెక్కడ, పూలతోటెక్కడ.

రోజూ పొద్దున్నే మాలలు సిద్ధమని పూలతోట గంట మోగుతుంది. విన్నానన్నట్టు సింగన ఇటునుంచి తాడు ఒకసారి గుంజుతాడు. అప్పుడు అటునుంచి తాడు రెండుసార్లు మెల్లగా కదులుతుంది, ఎవరో చెయ్యి పట్టుకుని వదిలినట్టు. అటుపక్క ఉండేది మాలలు కట్టే నాగమల్లి. పదకొండు నెలలుగా ఇంతే. ఎదురుపడితే ఇద్దరికీ నోరు పెగలదు.

"ప్రభూ, నాకూ ఒక రోజివ్వండి," అన్నాడు సింగన. "ఆటా ఆగదు, ఏ గంటా వృథాగా మోగదు."

"సరే, రేపు మంత్రిది, ఎల్లుండి నీది. ఓడినవాడు పొలిమేరకు," అన్నాడు రాజు.

వామనయ్య రోజున గంటలకు గుడ్డలు పడ్డాయి. ఆయన చెమటలు కక్కుతూ తిరిగాడు. వాకిట్లో ఏమీ లేదు. తోటలో ఏమీ లేదు. మళ్ళీ వాకిట్లో ఏమీ లేదు. ఆయన బురుజు మెట్లెక్కుతుంటే వంటింట్లో పాలు పొంగిపోయాయి. చివరికి ఏనుగులశాలకు వెళ్ళి అడిగాడు.

"ఏమైనా ఉందా?"

"ఉండేదండి, మూడు ఘడియల కింద. ఏనుగు గొలుసు తెంచుకుని చెరుకుతోటలో పడింది," అన్నాడు మావటి.

మర్నాడు సింగన గుడ్డలు విప్పి, తాటాకులూ ఓ బుట్టా దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు.

"బురుజు గంటకు మాత్రం మీరు లేవండి ప్రభూ. మిగతా వాటికి నేను లేస్తాను."

వాకిలి గంట మోగింది. సింగన తాడు ఒకసారి గుంజాడు, మోత ఆగింది. 'వాకిలి' అని ఆకు మీద గీసి బుట్టలో పడేశాడు.

"అంతేనా?" అన్నాడు రాజు.

"విన్నామని వెంటనే చెప్పాలి ప్రభూ. పని కాసేపాగి చేసినా పరవాలేదు."

రాణి ఎత్తు ఆలోచిస్తున్నంతసేపూ రాజు బుట్టలో ఆకులు తీసి, మనుషుల్ని పంపి ఒక్కొక్క పనీ చక్కబెట్టాడు. నడుమ బురుజు గంట మోగింది. రాజు లేస్తుండగానే సింగన ఆయన చివరగా కదిపిన గుర్రం పక్కన ఓ మల్లెమొగ్గ పెట్టాడు. దూరాన లేచిన దుమ్ము ఆవులమంద అని తేలింది. తిరిగొచ్చిన రాజు మొగ్గను చూడగానే, "ఆఁ, గుర్రం కదిపాను, ఎత్తు రాణిది," అని హాయిగా కూర్చున్నాడు.

మధ్యాహ్నం వంటింటి గంట మోగింది. సింగన గుంజినా ఆగలేదు. ఇరవైసార్లు, ముప్పైసార్లు మోగుతూనే ఉంది. సింగన తాడును బారెడు లాగి, స్తంభానికి బిగించి కట్టేశాడు. గంట నోరు మూసుకుంది.

"నిప్పంటుకుందేమోరా!" అన్నాడు రాజు.

"అంటుకుంటే పొగ చూసి బురుజువాడు ముందు మోగిస్తాడు ప్రభూ. బదులిచ్చినా ఆపడం లేదంటే వీడికి మోగించడమే పని. వీడికీ ఓ ఆకు రాశాను."

"ఈలోగా వెళ్ళిపోతే?"

"వెళ్ళడు ప్రభూ, నేను తాడు వదిలేదాకా. ఆ చివర బరువు తగులుతోంది."

పొద్దు వాలుతుండగా రాణి బంటును ముందుకు తోసి, "ఆటకట్టు," అంది.

ఓడిన రాజు సంతోషం పట్టలేక లేచి నిలబడ్డాడు. బుట్టలోంచి వంటింటి ఆకు తీసుకుని, బుట్ట రాణి చేతికిచ్చి, అందర్నీ వెంటేసుకుని వంటింటికి వెళ్ళాడు.

ఆట చెడగొట్టాలని, వంటవాళ్ళను ఏదో వంకన బయటికి పంపేసి వామనయ్య ఒక్కడే ఉన్నాడు. లాగడానికి సుళువుగా ఉంటుందని తాడుకు ఉచ్చువేసి మణికట్టుకు తగిలించుకున్నాడు. ఇప్పుడా చెయ్యి పైకప్పును చూపిస్తోంది. మంత్రి మునివేళ్ళ మీద నిలబడి ఉన్నాడు. సిగ్గుకొద్దీ ఎవర్నీ పిలవలేదు.

రాజు దగ్గరికెళ్ళి మర్యాదగా అడిగాడు.

"ఏమైనా ఉందా, మంత్రిగారూ?"

"ఏమీ లేదు ప్రభూ," అన్నాడు వామనయ్య.

వంటింట్లో గిన్నెలు అదిరేలా అందరూ నవ్వారు. పూలు తెచ్చిన నాగమల్లి కూడా గుమ్మం దగ్గర నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. రాజు తన ఉంగరం తీసి సింగన వేలికి తొడిగాడు. "పొలిమేరకు మంత్రిగారు వెళ్తారు. నువ్వు ఇక్కడే ఉండు."

"ఆగండి," అంది రాణి, బుట్టలో చెయ్యి పెట్టి. "ఇందులో ఆకొకటి ఇంకా అడుగున పడి ఉంది. 'పూలతోట' అని రాసుంది. ఇదేం పని సింగనా, ఇంకా కాలేదు?"

సింగన చెవులు ఎర్రబడ్డాయి. గుమ్మం వైపు చూశాడు. నాగమల్లి చేతిలోని మాల రెండుసార్లు మెల్లగా కదిలింది.

"పదకొండు నెలలుగా తర్వాత, తర్వాత అని అడుక్కి తోసేస్తున్న పని మహారాణీ," అన్నాడు. మళ్ళీ గుమ్మం వైపు తిరిగాడు. "నాగమల్లీ, నువ్వంటే నాకు ప్రాణం."