తుంగ శిలువ

ఐర్లండ్ పల్లెల్లో ఇళ్లన్నీ గడ్డి కప్పులతో ఉన్న కాలం. ఇళ్లు కప్పే డోనల్ దగ్గర కీరన్ ఏడేళ్లుగా పని నేర్చుకుంటున్నాడు. గురువు తన కత్తి చేతికిస్తే తప్ప శిష్యుడు సొంతంగా పని పట్టుకోకూడదు. ఆ కత్తి ఎప్పుడిస్తాడా అని కీరన్‌కి ఒకటే ఆత్రం.

ఒకరోజు డోనల్ అన్నాడు: "ఊనమ్మ ఇల్లు నువ్వొక్కడివే కప్పు. అయ్యాక వచ్చి చూస్తాను."

మామూలుగా పాత గడ్డి మీదే కొత్తది పరుస్తారు. కీరన్‌కి అది ఆనలేదు. పొగచూరి నల్లబడ్డ గడ్డినంతా వాసాల దాకా పీకి దొడ్లో పోశాడు. ఆరు రోజుల్లో బంగారంలాంటి కప్పు వేశాడు. నిజం చెప్పొద్దూ, చాలా బాగా వేశాడు.

డోనల్ వచ్చి, కప్పు వంకైనా చూడకుండా లోపలికెళ్లి పొయ్యి పక్కన కూర్చున్నాడు.

"ఇల్లెలా ఉందమ్మా?"

"బాగుంది బాబూ. చుక్క కారడం లేదు," అంది ముసలి ఊన. అంటూనే పొయ్యి మీది వాసం వైపు చూసి, కళ్లు దించుకుంది.

డోనల్ లేచి దొడ్లోకి నడిచాడు. వాన పడుతోంది. పాత గడ్డి కుప్ప ముందు మోకాళ్ల మీద కూర్చుని, పిడికెడు పిడికెడు తీసి వెతకసాగాడు.

"ఏం పోయింది గురువుగారూ?"

"నాదేం పోలేదు. ఆమెనడుగు."

కీరన్ వెళ్లి అడిగాడు.

"చెప్పుకునేంతది కాదు నాయనా. మా పాప అల్లిన శిలువ. ఒక చెయ్యి పొట్టి. ఆ మరుసటి ఏడు అల్లడానికి పాప లేదు."

ఏటా ఫిబ్రవరి మొదట్లో తుంగతో శిలువ అల్లి, ఇంటికి కాపుగా కప్పులో దోపడం అక్కడి ఆచారం. పాతవి ఎవరూ తియ్యరు. కీరన్‌కి ఆ సంగతి పుట్టినప్పటి నుంచీ తెలుసు. సిగ్గుతో అతని ముఖం మాడిపోయింది. వెళ్లి గురువు పక్కనే మోకరిల్లాడు.

మసిబారిన శిలువలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. పొట్టి చెయ్యిది సాయంత్రానికి దొరికింది. కీరన్ దాన్ని తడవకుండా చొక్కాలో దాచి తెచ్చాడు.

ఊన బొటనవేలితో దాన్ని నిమిరి, తిరిగి అతని చేతికే ఇచ్చింది.

"నువ్వే పెట్టు నాయనా."

కొత్త గడ్డి కింద, ఆ వాసం దగ్గరే దోపాడు. మిగతా శిలువల్నీ దాని పక్కనే సర్దాడు.

"గురువుగారూ, నాకిప్పుడే కత్తి వద్దు."

డోనల్ నడుముకున్న కత్తి తీసి, బురదగా ఉన్న కీరన్ చేతిలో పెట్టాడు.

"ఇల్లు కప్పడం ఇప్పుడైంది," అన్నాడు.