సుంకులమ్మ సర్దిన పెట్టె

ఉలీ ఉలీ ఎక్కడున్నావే?
సానరాయి పక్కన పడుకున్నా.
రంపమా రంపమా ఎక్కడున్నావే?
మైనం ముద్దకు ఆనుకున్నా.
సుత్తీ సుత్తీ ఎక్కడున్నావే?

సుత్తి ఏమందో ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు. నా చిన్నప్పుడు మా వీధి చివర వడ్రంగుల ఇంట్లో ఆడపిల్లలు ఈ పాట పాడుతూ అచ్చనగాయలు ఆడేవాళ్లు. పాట సగమే మిగిలింది కానీ, పాటలోలాంటి పెట్టె ఉన్న ఒక ముసలి వడ్రంగి కథ మాత్రం మొత్తం గుర్తుంది. దగ్గరికి జరగండి, చెప్తాను. నవ్వించే కథ కాదు, ముందే చెప్తున్నా.

అనగనగా ఒక అడవి ఉండేది. దాని మధ్యలో ఒక వాగు. వాగు పక్కన ఒక వడ్రంగి ఎలుగుబంటి. పేరు ఓబులేసు. అడవిలో ఎవరి గూటికి తలుపు కావాలన్నా, ఎవరి పిల్లకు ఊయల కావాలన్నా ఆయనే చేసేవాడు. చిన్నా పెద్దా అందరూ ఓబులు మామ అని పిలిచేవాళ్లు.

అన్నిటికన్నా పెద్ద పని ఇంకొకటి ఉండేది. వేసవిలో నీళ్లు ఉండాలని ఆ వాగుకు అడ్డంగా మొద్దులతో కట్ట కట్టారు. కట్టకు మధ్యలో ఒక పలక తలుపు. అది కదలకుండా ఒక కొయ్య చీల బిగించి ఉండేది. పెద్ద వాన వచ్చిందంటే ఓబులు మామ పెట్టె భుజాన వేసుకుని వెళ్లి, చీల ఊడగొట్టి, తలుపు ఎత్తాలి. లేకపోతే నీళ్లు వెనక్కి తన్ని ఒడ్డున ఉన్న కుందేళ్ల బొరియల్లోకి పోతాయి. ముప్పై వానాకాలాలు ఆయన ఆ తలుపు ఎత్తాడు. ఒక్కసారీ ఆలస్యం కాలేదు.

అయితే ఎవరికీ తెలియని సంగతి ఒకటి ఉంది. ఓబులు మామకు చూపు పోయింది. ఒక్కరోజులో కాదు. ముందు ఆకుల అంచులు పోయాయి, తర్వాత ఆకులు పోయాయి, తర్వాత చెట్లే పోయాయి. రెండేళ్లుగా ఆయనకు వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియవు. ఎవరికీ చెప్పలేదు. చూపులేని వడ్రంగి చేతికి ఎవరు పని ఇస్తారని ఆయన భయం. పని లేకపోతే తాను ఎవరు? అది ఇంకా పెద్ద భయం.

మరి పని ఎలా చేసేవాడు అంటారా? అక్కడే ఉంది ఆశ్చర్యం. ఆయన చూపంతా పనిముట్ల పెట్టెలో ఉండేది.

అది టేకు పెట్టె. మూడు సొరుగులు. సొరుగుల్లో చిన్న చిన్న గదులు. పై సొరుగులో ఎడమ మూల సన్న ఉలి. దాని పక్కనే సానరాయి, ఎందుకంటే ఉలి మొద్దుబారితే చెయ్యి వెతుక్కునేది దాన్నే. సానరాయి పక్కన నూనె గుడ్డ. రెండో సొరుగులో రంపం, దాన్ని ఆనుకుని మైనం ముద్ద. మైనం రాస్తే రంపం పచ్చి కర్రలో పట్టేయదు. మూడో సొరుగులో చిల్లులు పెట్టే బరమా, మేకులు, పట్టకారు. అన్నిటి పిడులూ తనవైపే. ఒక పని తర్వాత ఏ పని వస్తుందో, ఒక పనిముట్టు తర్వాత అదే పనిముట్టు. ఆయన చెయ్యి ఆ పెట్టెలో సొంత ఇంట్లో నడిచినట్టు నడిచేది.

కొత్తగా చూసేవాళ్లకు మాత్రం అది చెత్తబుట్టలా కనిపించేది. పొడవు ఉలి పక్కన పొట్టి రాయి, రాయి పక్కన మురికి గుడ్డ!

ఆ అడవిలోనే సుంకులమ్మ అనే ముంగిస ఉండేది. కిందటేడు దాని బొరియలోకి పాములు వస్తుంటే ఓబులు మామ గట్టి తలుపు చేసిపెట్టాడు. పిల్లలు నాలుగూ బతికాయి. ఆ మేలుకు ఏమివ్వాలో సుంకులమ్మకు తోచలేదు. అది మహా శుభ్రం మనిషి. మనిషి అన్నాను చూశారా, ముంగిసే. దాని బొరియలో గింజలు కూడా పెద్దవి ఒకవైపు, చిన్నవి ఒకవైపు వరసగా ఉండేవి.

ఒకరోజు ఓబులు మామ కొండముచ్చు ఈరన్న ఇంటికి నిచ్చెన కొలత తీయడానికి వెళ్లాడు. సుంకులమ్మ రేగుపళ్లు తెచ్చి చూస్తే మామ లేడు. పెట్టె తెరిచి ఉంది.

"అయ్యో, ఇంత మంచి వడ్రంగి పెట్టె ఇలాగా ఉండేది!" అనుకుంది.

కూర్చుని అన్నీ బయటికి తీసింది. తుడిచింది. తోమింది. పొట్టివి ఒకవైపు, పొడవువి ఒకవైపు మెట్లలాగా పేర్చింది. మురికి గుడ్డ పారేసింది. వచ్చినవాళ్లకు మెరుపు కనపడాలని పదునంతా బయటివైపు తిప్పి పెట్టింది. సూర్యుడు పడితే ఆ పెట్టె తళతళలాడింది.

ఓబులు మామ వచ్చాడు. వెనకే ఈరన్న వచ్చాడు.

"మామా, కళ్లు మూసుకో!" అంది సుంకులమ్మ.

"మూసుకున్నానమ్మా," అన్నాడు మామ.

"ఇప్పుడు తెరువు! ఎలా ఉంది?"

ఈరన్న గట్టిగా ఈల వేశాడు. "అబ్బో! పెట్టెకు పెళ్లి చేశావా ఏంది సుంకులక్కా? అద్దం అక్కర్లేదు, ఉలిలో మొహం చూసుకోవచ్చు!"

ఓబులు మామ చెయ్యి నెమ్మదిగా సొరుగులోకి పోయింది. ఉలి ఉండాల్సిన చోట ఉలి లేదు. ఆయనకు నా ఇల్లు ఎవరో ఎత్తుకుపోయారే అనిపించింది. కానీ సుంకులమ్మ గొంతులో సంతోషం వినపడింది. ఇప్పుడు వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. చెబితే చూపు సంగతి బయటపడుతుంది.

"చాలా బాగుందమ్మా," అన్నాడు.

అదే రా పిల్లలూ, ఆ ఒక్క మాట.

ఆ సాయంత్రం ఆయన ఒక్కడే కూర్చుని, తడుముకుంటూ, అన్నీ పాత చోట్లలో పెట్టుకున్నాడు. మర్నాడు సుంకులమ్మ వచ్చి చూసింది.

"ఏంది మామా, మళ్లీ కలిపేశావ్! నీ చేతులకు బొత్తిగా క్రమం లేదు!" అని ముద్దుగా కసిరి, మళ్లీ మెట్లలా పేర్చిపోయింది. ఆ రోజు మామ మైనం అనుకుని, ఇనుము అరగదీసే ఆకురాయి తీశాడు. ఈరన్న పొట్ట పట్టుకుని నవ్వాడు.

"రంపానికి ఆకురాయి రాస్తున్నావేంది మామా! ముసలితనం వచ్చేసిందిలే. ఇంక పిల్లను చూసి నీకు పెళ్లి చేయడం కష్టం."

"నీ నిచ్చెనకు ఒక మెట్టు తగ్గిస్తా ఉండు," అని మామ కూడా నవ్వాడు. నవ్వేశాడు గనక సరిపోయింది.

మామ మళ్లీ మార్చుకున్నాడు. సుంకులమ్మ మళ్లీ వచ్చి సర్దింది. ఈసారి మామ చెయ్యి పిడి కోసం వెళ్లి ఉలి పదును మీద పడింది. అరచెయ్యి తెగింది. పిడికిలి బిగించి రక్తాన్ని బొచ్చులో దాచుకున్నాడు.

"చేతికి ఏమైంది మామా?" అంది సుంకులమ్మ.

"ఏం లేదమ్మా. పేడు గుచ్చుకుంది."

అప్పుడైనా చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. ఇంతలో సుంకులమ్మ, "దారిన పోయేవాళ్లంతా నీ పెట్టె చూసి మెచ్చుకుంటున్నారు మామా, నాకు ఎంత గొప్పగా ఉందో!" అంది. మాట వెనక్కి పోయింది.

నాలుగోసారి సుంకులమ్మ సర్దిన రోజు పొద్దున్నే మబ్బు పట్టింది. మామ మళ్లీ మార్చుకునే లోపలే వాన మొదలైంది. అది వాన కాదు, ఆకాశం తిరగబడినట్టు. ఒక గడియలో వాగు ఎర్రగా పొంగింది.

"ఓబులు మామా! నీళ్లు మా గడప తాకుతున్నాయి!" అని కుందేలు కదిరమ్మ అరుస్తూ వచ్చింది. దానికి వారం కిందటే మూడు పిల్లలు పుట్టాయి. ఇంకా కళ్లు తెరవలేదు. దాని అరుపు విని ఈరన్న కూడా పరిగెత్తుకొచ్చాడు.

"వస్తున్నా అమ్మా. నువ్వు పిల్లల దగ్గరికి పో. ఈరన్నా, నువ్వు కూడా పో!" అన్నాడు మామ.

పెట్టె భుజాన వేసుకుని, అలవాటైన దారిలో కట్ట దగ్గరికి వెళ్లాడు. సుంకులమ్మ వెంట పరిగెత్తింది. మామ పెట్టెను మొద్దు మీద పెట్టి, ఛాతీ లోతు నీళ్లలోకి దిగాడు. సుత్తి నడుముకే ఉంది. చీలను ఒక దెబ్బ వేశాడు. కదల్లేదు. నీళ్లు తాగి కర్ర ఉబ్బిపోయింది. అది ఊడాలంటే ముందు సన్న ఉలితో చీలను చీల్చాలి.

చెయ్యి సొరుగులోకి పోయింది. ఎడమ మూల. అక్కడ ఒక పొట్టి మేకు ఉంది. పక్కన తడిమాడు. పట్టకారు. ఇంకా పక్కన పదును. వేళ్లు తెగాయి. తీసి తడిమితే వెడల్పు ఉలి. అది ఆ సందులో పట్టదు.

"మామా, ఏం కావాలి?" అంది సుంకులమ్మ.

"సన్న ఉలి. త్వరగా అమ్మా."

సుంకులమ్మ సొరుగులు లాగింది. పొడవులు తెలుసు దానికి. పేర్లు తెలియవు. ఒకే పొడవువి ఐదు పక్కపక్కన పెట్టింది తనే. ఒకటి ఇచ్చింది.

"ఇది ఆకురాయి."

ఇంకొకటి ఇచ్చింది.

"ఇది బరమా ముల్లు. సుంకులమ్మా, కొస చదునుగా, వేలంత వెడల్పు ఉంటుంది!"

వానలో చేతులు జారుతున్నాయి. అవతల కదిరమ్మ ఏడుపు వినపడుతోంది. సుంకులమ్మకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"నీ కళ్ల ముందే ఉంది కదా మామా! చూసి తీసుకోవచ్చు కదా!"

నీళ్లు ఓబులు మామ మెడ దాకా వచ్చాయి.

"కనపడితే తీసుకోనా అమ్మా?" అన్నాడు.

సుంకులమ్మ ఆయన కళ్లలోకి చూసింది. వాన చినుకులు నేరుగా ఆ కళ్లలో పడుతున్నాయి. అవి రెప్ప ఆర్పడం లేదు. ఆ తళతళలు, ఆ మెచ్చుకోళ్లు, పిడికిలిలో దాచిన రక్తం, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. మొత్తం సొరుగు మొద్దు మీద బోర్లించింది. ఒక్కొక్కటీ కొస తడిమి చూసింది. సన్న ఉలి దొరికింది. పిడి ఆయన చేతిలో పెట్టింది.

మామ రెండు దెబ్బల్లో చీలను చీల్చాడు. పలక ఎగిరింది. నీళ్లు హోరున దూకాయి. దూకుతూ దూకుతూ ఆ పలకను ఆయన ఛాతీకేసి కొట్టాయి. ఆయన ఎలాగో ఒడ్డుకు పాకి అక్కడే పడిపోయాడు.

బొరియల్లో నీళ్లు తగ్గాయి. ఈరన్న రెండు పిల్లలను చంకలో పెట్టుకుని చెట్టు దిగాడు. మూడోది దొరకలేదు.

కదిరమ్మ తడిసి ముద్దయి కట్ట దగ్గరికి వచ్చింది. అరవలేదు. మెల్లగా అడిగింది.

"మామా, ఎప్పుడూ నేను ఇంటికి తిరిగి వెళ్లేసరికే తలుపు తెరిచేవాడివి కదా. ఈసారి ఏమైంది?"

సుంకులమ్మ నోరు తెరిచింది. ఓబులు మామ ఒడ్డున పడుకునే చెయ్యి ఎత్తి దాన్ని ఆపాడు.

"నా చూపు పోయి రెండేళ్లయింది కదిరమ్మా. నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే నీకు ఇంకొక దారి ఉండేది."

కదిరమ్మ మిగిలిన రెండు పిల్లలనూ నోట కరుచుకుని, వానలోనే గట్టు ఎక్కి వెళ్లిపోయింది. ఆ తర్వాత అది ఆ వాగు వైపు రాలేదని చెప్తారు. ఈరన్న కూడా చాలాకాలం ఎవరినీ ఎగతాళి చేయలేదట.

ఓబులు మామను నలుగురూ కలిసి ఆయన ఉండే గుహలోకి మోశారు. ఊపిరి తీసినప్పుడల్లా లోపల ఏదో విరిగిన చప్పుడు. సుంకులమ్మ పక్కనే కూర్చుంది. గంజి పట్టింది. కట్టు కట్టింది. తడిసిన పనిముట్లు ఒక్కొక్కటీ ఆరబెట్టింది కానీ, ఏదీ సొరుగులో పెట్టడానికి చెయ్యి రాలేదు.

"మామా, నీకు ముందే తెలుసు కదా, నేను చేసేది నీకు ఇబ్బంది అని. ఒక్క మాట ఎందుకు అనలేదు?"

"నువ్వు ఎందుకు అడగలేదమ్మా?" అన్నాడు మామ. కోపంగా కాదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అడిగాడు.

ఆ రెండు ప్రశ్నలకూ జవాబు నాకు ఇప్పటికీ తెలియదు. చెప్తూ చెప్తూ ముసలిదాన్నయ్యాను, తెలియలేదు.

"ఏది ఎక్కడ ఉండాలో చెప్పు మామా. అచ్చం నీ లాగే పెడతాను," అంది సుంకులమ్మ.

"ఇప్పుడెందుకులే తల్లీ," అన్నాడు.

మూడో రోజు పొద్దున వాన వెలిసింది. గుహ ముందు కొంచెం ఎండ పడింది. ఓబులు మామ మొహం ఆ వెచ్చదనం వైపు తిప్పాడు. సుంకులమ్మ చెయ్యి కోసం తడుముకున్నాడు. అది తన చిన్న చెయ్యి ఆ పెద్ద అరచేతిలో, మానని గాయం మీద పెట్టింది. అప్పుడు ఆయన దానితో ఆఖరి మాట అన్నాడు.

"నువ్వు సర్దిన పెట్టె చాలా అందంగా ఉందట కదమ్మా, అందరూ అన్నారు. నేనే చూడలేదు. ఎలా ఉందో ఒక్కసారి చెప్పు."

నీతి: ఒకరి పనిముట్లు సర్దే ముందు, వాటిని పట్టే చేతిని అడగండి, మన కంటికి చిందరవందరగా కనిపించేదే ఆ చేతికి దారి కావచ్చు.