వడ్రంగిపిట్ట అడిగిన సెలవు

నల్లగుట్ట అడవిలో జంతువులన్నిటికీ కలిపి ఒకటే ధర్మాసుపత్రి. దాన్ని నడిపేది ఏనుగు పెద్దమ్మ. కట్లు కట్టేది ఎలుగు డాక్టరు. అయితే ఎముక విరిగిందో లేదో తేల్చేది మాత్రం ముత్తెమ్మ అనే వడ్రంగిపిట్ట. "కదలకు, ఊపిరి బిగబట్టు" అని కాలి మీద ముక్కుతో టకటకా కొట్టిందంటే, లోపల ఎక్కడ బీటవారిందో ఆ చప్పుడే చెప్పేస్తుంది. నయమైనవాళ్లు ఎలుగుకు తేనె ఇచ్చి, దండం పెట్టి పోతారు. ముత్తెమ్మ పేరు కూడా చాలామందికి తెలీదు.

ఆసుపత్రిలో ఆ పని తెలిసింది అదొక్కతే. ఇప్పుడేమో గూట్లో మూడు గుడ్లు. మొగుడు మేతకెళ్తే అవి చల్లబడిపోతాయి. వెళ్లి సెలవడిగింది.

"నువ్వు పోతే ఇంకెవరున్నారే? వచ్చే నెల చూద్దాంలే" అంది పెద్దమ్మ.

"వచ్చే నెలదాకా గుడ్లు ఆగుతాయా పెద్దమ్మా?"

పెద్దమ్మ చెవులూపుకుంటూ వెళ్లిపోయింది.

గుట్టవతల సొంతాసుపత్రి నడిపే నక్కకు ఈ సంగతి చేరింది. మర్నాడు పొద్దున్నే కుంటుకుంటూ వచ్చి వరుసలో నిలబడింది. తన వంతు రాగానే కాలు చాపి, మెల్లగా అందుకుంది.

"ఎందుకు వదినా ఈ చాకిరీ? మా ఆసుపత్రికి వచ్చెయ్. రోజుకు దోసెడు పురుగులు. సెలవంటావా, నెలరోజులు తీసుకో, ఎవడొద్దన్నాడు?"

పురుగుల మాట ముత్తెమ్మ చెవికెక్కలేదు గానీ, సెలవు అనేసరికి కాలు తడుతున్న ముక్కు ఆగిపోయింది. ఇటు వరుసలో పాతికమంది. అటు గూట్లో ముగ్గురు. సరేననబోయింది.

వెనక నిలబడ్డ, ఊళ్లోంచి వచ్చిన ముసలెద్దు గొంతు సవరించుకుంది. "నక్కల్లుడూ, ఈ పిల్ల నెలరోజులు సెలవులో ఉంటే మీ దగ్గర ఎముకలు ఎవరు చూస్తారు?"

"చూడ్డమెందుకు మావా? వచ్చినోడికల్లా విరిగిందనే కట్టేస్తాం. పిట్ట ఉందని పేరుంటే చాలు" అని నవ్వేసింది నక్క.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం.

వరుసలోంచి కుందేలు ముందుకొచ్చింది. "అయితే నువ్వు రెండు నెలల కిందట కట్టిన ఈ కట్టు?"

ముత్తెమ్మ కట్టు విప్పించి తట్టి చూసింది. "నీ ఎముక నిక్షేపంగా ఉంది. బిగించి ఉంచి కాలు ఎండగట్టారు."

వరుసంతా నక్క వైపు తిరిగింది. నక్క నాలుగు కాళ్లతో ఒకటే పరుగు.

"కుంటడం మర్చిపోయావు అల్లుడూ" అని కేకేసి, ఎద్దు ముత్తెమ్మ వైపు తిరిగింది. "పోయినేడు నా కాలు విరగలేదని నువ్వు చెప్పకపోతే మా రైతు నన్ను సంతకు తోలేసేవాడు. ఆ రోజు డాక్టరుకు దండం పెట్టి పోయాను. నీక్కూడా పెట్టాల్సింది తల్లీ, ఇవాళ పెడుతున్నా." మెడ వంచింది. వెనక వరుసంతా వంగింది.

ముత్తెమ్మ కూడా తల వంచింది. "మీ అభిమానం చాలు మావా. కానీ... గుడ్లు" అంది.

అప్పుడే అటొచ్చి ఆ మాట విన్న పెద్దమ్మకు తల కొట్టేసినట్టయింది. మూడేళ్ల కిందట ఇలాగే సెలవు దొరక్క మానేసిన సూరమ్మ అనే మరో వడ్రంగిపిట్టను వెతుక్కుంటూ తనే బయల్దేరింది. "ఇక ఇద్దరుంటారు. వంతులవారీగా సెలవు, నా మాట" అంది.

"ఆ మాట అప్పుడే అనుంటే నేను పోయేదాన్నా పెద్దమ్మా?" అంటూ సూరమ్మ వెంటే వచ్చేసింది.

ముత్తెమ్మ ఆ సాయంత్రమే గూడెక్కింది. మూడు గుడ్లూ పిల్లలయ్యాయి. నయమైనవాళ్లు ఆ చెట్టు కిందికొచ్చి, పేరు పెట్టి పిలిచి మరీ పలకరించి పోతున్నారు. గుట్టవతల నక్క మాత్రం ఈగలు తోలుకుంటోంది.

నీతి: మెచ్చుకుంటే పనిమంతులు ఓ పూట నిలుస్తారు, తోడు ఇస్తే ఏళ్లతరబడి నిలుస్తారు.